నడకలో లాగే కుక్కకు మెడపట్టీ: ఎంపిక, వాడకం

కుక్క మెడకు కట్టే పట్టీని తెలుగునాట ఎక్కువమంది బెల్టు అంటారు. పాతవాళ్ళ నోట పట్టెడ అన్న మాట కూడా వినిపిస్తుంది. దానికి తగిలించేది గొలుసు, లేదా తాడు. నడకకు తీసుకెళ్ళినప్పుడు ముందుకు ఈడ్చుకుపోయే కుక్కను అదుపులో పెట్టడానికి ప్రత్యేకంగా తయారయ్యేవాటిని శిక్షణ పట్టీలు అని పిలుస్తారు. బిగిసే గొలుసు, ముళ్ళ పట్టీ, కరెంటు పట్టీ, కొంతమేరకే బిగిసే మార్టింగేల్ ఈ కోవలోవి. మూతి మీదుగా వేసే హాల్టర్, ఛాతీకి వేసే హార్నెస్ మెడకు సంబంధించినవి కాకపోయినా అదే పనికి వాడతారు కాబట్టి వాటినీ కలిపి చెప్పుకోవాలి. తిరుపతి జిల్లా చంద్రగిరి, ఆ చుట్టుపక్కల పల్లెల్లో కుక్కను పెంచేవారి అవసరాలను మనసులో ఉంచుకుని రాసిన వ్యాసం ఇది.

ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. కుక్కకు నడక నేర్పేది మనిషే. నేర్పే ఆ కొన్ని వారాలూ కుక్క మెడకు, మనిషి భుజానికి దెబ్బ తగలకుండా కాపాడటం వరకే పట్టీ పని. ఈ సంగతి మరిచిపోయి, బెల్టు మారిస్తే బుద్ధి మారుతుందని ఒకదాని తర్వాత ఒకటి కొనుక్కుంటూ పోయేవాళ్ళే ఎక్కువ.

చంద్రగిరిలో పెంపుడు కుక్క

తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న చంద్రగిరి 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలోది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోది. ఒక పక్క కోట, దాని వెనక కొండ, మరో పక్క స్వర్ణముఖి, ఊరి చుట్టూ మామిడి తోటలు, చెనక్కాయ చేలు. ఉత్తరాన శేషాచలం అడవి. అడవి అంచు ఊళ్ళలో చిరుతలు కుక్కల కోసం ఇళ్ళ దాకా రావడం కొత్తేమీ కాదు. 2023లో తిరుమల నడకదారిలో చిరుత దాడులు జరిగాక ఈ ప్రాంతమంతా ఆ భయం పెరిగింది. అందుకే ఇక్కడ తెల్లవారకముందు, చీకటి పడ్డాక కుక్కను తోటల వైపు, కొండ వైపు నడిపించకపోవడం మేలు. వెలుతురు వచ్చాక, ఊరి వీధుల్లో నడిపించాలి. వీధుల్లోనేమో వీధికుక్కలు, కోతులు, ఆటోలు, తిరుపతి–చిత్తూరు రోడ్డు మీద బస్సులు, లారీలు. లాగే కుక్కతో ఈ దారిలో నడవడం నిజంగానే ప్రమాదం. గొలుసు చేజారితే కుక్క బతికి బయటపడుతుందన్న నమ్మకం ఉండదు.

తోట కాపలాకు నాటు కుక్కను పెంచే ఇళ్ళలో ఈ సమస్య అంతగా కనిపించదు. అది తోటలోనే తిరుగుతుంది, గొలుసుతో నడిపించే పనే పడదు. సమస్యంతా ఊళ్ళో ఇళ్ళది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద కుక్కను తెచ్చి, పగలంతా గేటు దగ్గరో మిద్దె మెట్ల కిందో కట్టేసి, సాయంత్రం పది నిమిషాలు బయటికి తీసుకెళ్తారు. ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు కట్టుబడి ఉన్న ప్రాణి ఆ పది నిమిషాల్లో లాగకుండా ఎలా ఉంటుంది? కాబట్టి దుకాణానికి వెళ్ళేముందు ఈ లెక్క ఒకసారి సరిచూసుకోవాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తిరిగే కుక్క సగం లాగుడు తనంతట తనే మానేస్తుంది.

కుక్క ఎందుకు లాగుతుంది

మొదటి కారణం నడక వేగం. నాలుగు కాళ్ళ జంతువుకు సహజమైన నడక మన నడక కంటే వేగం. మన పక్కన మెల్లగా నడవడం దానికి పుట్టుకతో వచ్చే అలవాటు కాదు, నేర్చుకోవలసిన విద్య. రెండోది వాసన. మనకు వీధి కళ్ళకు కనిపిస్తుంది, కుక్కకు ముక్కుకు కనిపిస్తుంది. కరెంటు స్తంభం దగ్గర నిన్న ఏ కుక్క వచ్చి పోయిందో తెలుసుకోవడం దానికి ముఖ్యమైన పని.

మూడోదాన్ని చాలామంది గమనించరు. లాగడం దానికి ఫలితం ఇస్తుంది. చెట్టు వైపు లాగింది, మనం నాలుగు అడుగులు వేశాం, చెట్టు అందింది. అంటే లాగితే పని జరుగుతుందని మనమే నేర్పాం. ఫలితమిచ్చిన పనిని జంతువు మళ్ళీ చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో 1898లోనే చూపించాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆపి, ఒక్కసారి పోనిచ్చినా ఆ అలవాటు పోదు సరికదా, ఇంకా గట్టిపడుతుంది. ఇంట్లో నాన్న ఆపుతాడు, పిల్లలు పోనిస్తారు. ఈ తేడాయే ఎన్నో ఇళ్ళలో శిక్షణను చెడగొడుతుంది.

నాలుగోది ఒళ్ళు చూపే ఎదురు బలం. దూడ మెడకు పలుపు వేసి ముందుకు లాగి చూడండి, అది కాళ్ళు దన్ని వెనక్కి లాగుతుంది. కుక్కా అంతే. మనం గొలుసును వెనక్కి బిగించి పట్టుకున్న కొద్దీ ముందుకు ఒత్తిడి పెడుతుంది. రోజంతా గొలుసు బిగువుగానే ఉంటే ఆ బిగువే దానికి మామూలు స్థితిగా మారిపోతుంది.

భయంతో లాగే కుక్కలూ ఉన్నాయి. దీపావళి రోజుల్లో ఇంటి వైపు ఈడ్చుకుపోయే కుక్కదీ, వీధికుక్కల గుంపును చూసి పారిపోయే కుక్కదీ పొగరు కాదు, ప్రాణభయం. దాన్ని నొప్పితో ఆపితే భయం రెట్టింపవుతుంది.

మెడలో ఏముంది

కుక్క మెడను మొద్దుగా, వెంట్రుకలతో కప్పి ఉండేదిగా చూసి అది ఎంత గుంజినా తట్టుకుంటుందనుకుంటాం. బెల్టు ఆనే చోటే శ్వాసనాళం ఉంటుంది. మృదులాస్థి కట్లతో చేసిన గొట్టం అది. ఆ కట్లు పూర్తి వలయాలు కావు, వీపు వైపు తెరిచి ఉంటాయి. దాని పక్కనే అన్నవాహిక, తలకు నెత్తురు చేర్చే ధమనులు, తిరిగి తెచ్చే సిరలు, థైరాయిడ్ గ్రంథి, గొంతుకు పోయే నరాలు. పమేరియన్, పగ్ లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం కట్లు సడలి కుంగిపోయే జబ్బు సాధారణం. అలాంటి కుక్క బెల్టు బిగిసినప్పుడల్లా బాతు అరిచినట్టు దగ్గుతుంది. ఆ దగ్గు విన్న రోజు నుంచి మెడకు గొలుసు తగిలించకూడదు.

పరిశోధనలూ ఈ మాటే చెబుతున్నాయి. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో కుక్కలు మెడ బెల్టుతో లాగినప్పుడు కంటిలో ఒత్తిడి పెరిగింది, ఛాతీ బెల్టుతో లాగినప్పుడు పెరగలేదు. గ్లాకోమా లాంటి కంటి జబ్బులున్న కుక్కలకు ఇది పెద్ద విషయం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం వారు 2020లో కృత్రిమ మెడ నమూనా మీద రకరకాల బెల్టులను పరీక్షించారు. వెడల్పుగా ఉన్నా, మెత్త పెట్టినా, గట్టిగా గుంజితే మెడకు ప్రమాదం లేని బెల్టు వాటిలో ఒక్కటీ కనిపించలేదు. దీన్నిబట్టి తేలేది ఒక్కటే. మెడ బెల్టు పేరు, అనుమతి బిళ్ళ, టీకా బిళ్ళ తగిలించడానికి. లాగే కుక్కను ఆపడానికి కాదు.

రకాలు

సాదా బెల్టు. తోలుది, నైలాన్‌ది, గుడ్డది. రెండు వేళ్ళు బెల్టుకూ మెడకూ మధ్య సులువుగా దూరాలి, అంతకన్నా వదులైతే తల తీసేస్తుంది. లాగుడు లేని కుక్కకు ఇది చాలు. తోలు బెల్టు కార్తీక మాసపు వానలకు నానితే మళ్ళీ ఎండాక గట్టిపడి చర్మాన్ని ఒరుస్తుంది, అప్పుడప్పుడు నూనె రాయాలి.

మార్టింగేల్. రెండు ఉచ్చులున్న బెల్టు. లాగితే కొంతవరకే బిగుస్తుంది, ఆ పైన బిగియదు. తల సన్నగా, మెడ తలతో సమానంగా ఉండే వేటకుక్కల కోసం ఇది పుట్టింది. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై జాతుల కుక్కలు సాదా బెల్టును క్షణంలో వెనక్కి జారి విడిపించుకుంటాయి. చిత్తూరు సీమకు అటు కన్నడ, ఇటు తమిళ సరిహద్దులు దగ్గర కాబట్టి ఈ జాతులు ఇక్కడి ఇళ్ళకూ చేరుతుంటాయి. వాటికి మార్టింగేల్ సరైనది. పూర్తిగా బిగిసినప్పుడు మెడ చుట్టుకొలతకు సమానంగా ఉండేలా సరిచేయాలి, అంతకు మించి బిగిస్తే ఉరితాడే. ఇంట్లో ఉన్నప్పుడు తీసేయాలి, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం.

బిగిసే గొలుసు. చోక్ చైన్ అని అడిగితే ఎక్కడైనా ఇస్తారు. లాగితే బిగిసి, వదిలితే సడలేలా ఉంటుంది. దీన్ని వాడే పద్ధతి తెలిసినవాళ్ళు క్షణంలో గుంజి క్షణంలో వదలాలంటారు. మెడకు తిరగేసి వేస్తే వదిలినా సడలదు, బిగిసినట్టే ఉండిపోతుంది. ఇక మామూలు ఇళ్ళలో జరిగేది గుంజి వదలడం కాదు, గంటసేపు బిగిసి ఉండటం. కుక్క గురగుర లాడుతూ, నాలుక నీలం రంగు తిరుగుతున్నా లాగుతూనే పోతుంది. ఇది కొనొద్దన్నది ఈ వ్యాస రచయిత ఖచ్చితమైన అభిప్రాయం.

ముళ్ళ పట్టీ. లోపలి వైపు మొద్దు ఇనుప కొనలు ఉంటాయి, లాగితే చర్మాన్ని నొక్కుతాయి. ఒత్తిడి మెడ చుట్టూ పంచుకుంటుంది కాబట్టి బిగిసే గొలుసు కంటే మేలని వాడేవారు వాదిస్తారు. నొప్పి భయంతో ఆగిన కుక్క, ఎదురుగా వచ్చిన కుక్క వల్లే నొప్పి కలిగిందని జతచేసుకుని కోపం పెంచుకునే ప్రమాదం ఉంది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి శిక్షణలో దీని వాడకాన్ని నిషేధించింది.

కరెంటు పట్టీ. రిమోట్ నొక్కితే మెడకు షాక్ కొట్టేది. మొరిగితే షాక్ కొట్టే రకం కూడా ఇంటికే చేరవేస్తున్నారు. బ్రిటన్‌లో వేల్స్ 2010లోనే దీన్ని నిషేధించింది. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో, తర్వాత 2020లో చూపినదేమంటే, షాక్ లేకుండా బహుమతితో నేర్పినప్పుడు వచ్చే ఫలితం షాక్‌తో వచ్చేదానికంటే తక్కువేం కాదు. నొప్పి లేకుండా వచ్చే ఫలితాన్ని నొప్పితో తెచ్చుకోవడానికి కారణమే లేదు.

మూతి హాల్టర్. గుర్రానికి వేసే తలకట్టు లాంటిది. ఒక ఉచ్చు ముక్కు మీదుగా, మరొకటి చెవుల వెనకగా పోతుంది. కుక్క లాగితే తల పక్కకు తిరుగుతుంది, తల తిరిగిన వైపు ఒళ్ళు తిరుగుతుంది. ఎద్దుకు ముకుతాడు చేసే పనిని ఇది నొప్పి లేకుండా చేస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పశువైద్యుడు ఆర్.కె. ఆండర్సన్, శిక్షకురాలు రూత్ ఫాస్టర్ 1980ల్లో ఇలాంటి ఒక హాల్టర్‌ను రూపొందించారు. చిక్కం లాగా నోరు మూయదు, నీళ్ళు తాగొచ్చు, నాలుక చాపి రొప్పవచ్చు. రెండు జాగ్రత్తలు: మొదటి రోజే వేసి వీధిలోకి లాగితే కాళ్ళతో గీరి తీసేస్తుంది, వారం రోజులు తినుబండారం ఇస్తూ అలవాటు చేయాలి. ఒక్కసారిగా గుంజితే మెడ వెన్నుకు దెబ్బ. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఇది నిలవదు.

ఛాతీ బెల్టు. గొలుసు తగిలించే కొక్కెం ఎక్కడుందన్నది ఇందులో అసలు ముఖ్యం. వీపు మీద ఉంటే కుక్క ఇంకా బాగా లాగుతుంది. మంచు ప్రాంతాల్లో బళ్ళు లాగే కుక్కలకు వేసేది ఇదే. కాడి ఎద్దుకు మూపురం దగ్గర ఆనినట్టు, బలమంతా భుజాలకు చేరి లాగుడు తేలికవుతుంది. కొక్కెం రొమ్ము ముందు ఉంటే లాగిన ప్రతిసారీ ఒళ్ళు మన వైపు తిరుగుతుంది, ముందుకు పోలేదు. లాగే కుక్కకు ఎక్కువ సందర్భాల్లో మొదట కొనవలసింది ముందు కొక్కెం ఉన్న ఛాతీ బెల్టే. అడ్డంగా భుజాల మీదుగా పోయే పట్టీ అడుగును కుదిస్తుంది కాబట్టి మెడ కింద వై ఆకారంలో కలిసేది మంచిదని అంటారు. అయితే 2019లో ఒక పరిశోధనలో వై ఆకారపు బెల్టు కూడా భుజం కదలికను తగ్గించినట్టు తేలింది. అందువల్ల కొన్నాక ఆకారం చూసి సంతృప్తి పడకుండా, కుక్క నడిచినప్పుడు చంకల్లో ఒరుస్తోందేమో, అడుగు పొట్టిదవుతోందేమో చూడాలి.

గొలుసు, తాడు

నాలుగు నుంచి ఆరు అడుగుల తాడు సరిపోతుంది. ఇనుప గొలుసు బరువు కుక్కకూ చేతికీ శిక్షే. డబ్బాలోంచి జరజర బయటికి వచ్చే పొడవైన తాడు చంద్రగిరి వీధుల్లో పనికిరాదు. ఆటో అడ్డొచ్చినప్పుడు కుక్క పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది. పైగా ఎప్పుడూ కొంచెం బిగువుగా ఉండటం వల్ల లాగుడుకు అలవాటు చేస్తుంది. తాడును చేతికి చుట్టుకోకూడదు. పెద్ద కుక్క ఒక్క గుంజు గుంజితే వేళ్ళు విరగవచ్చు.

పూర్వ చరిత్ర

మెడపట్టీ అలంకారంగా, రక్షణగా చాలా పాతది. ఇటలీలోని పాంపేలో కుక్కను జాగ్రత్త అని హెచ్చరించే నేల బొమ్మలో కుక్క మెడకు పట్టీ ఉంది. రోమ్ రచయిత వర్రో, కాపలా కుక్కలను తోడేళ్ళ నుంచి కాపాడడానికి మేకులు తొడిగిన తోలు పట్టీ కట్టమని రాశాడు. హిమాలయాల్లో గొర్రెల కాపరులు చిరుత పట్టుకోకుండా కుక్క మెడకు ఇనుప పట్టీ వేస్తారు. ఆ మేకులు బయటి వైపు ఉంటాయి, కుక్కను కాపాడడానికి. కుక్క వైపు తిరిగిన ముళ్ళు ఆధునిక కాలపు ఆలోచన. మనకు దగ్గర్లో, మైసూరు ప్రాంతపు అతకూరులో 10వ శతాబ్దపు వీరగల్లు ఉంది. అడవి పందితో పోరాడి ప్రాణమిచ్చిన కాళి అనే వేటకుక్కకు నిలిపిన రాయి అది. కుక్కకు పేరు పెట్టి రాయి నిలిపే గౌరవం ఈ దక్షిణ దేశానిది.

గుంజి నేర్పే పద్ధతి పోలీసు, సైనిక కుక్కల నుంచి ఇళ్ళకు వచ్చింది. జర్మనీ సైనికాధికారి కోన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ పుస్తకం, అమెరికాలో విలియం కోలర్ 1962లో రాసిన పుస్తకం దీన్ని ప్రచారం చేశాయి. 1980ల నుంచి బహుమతి పద్ధతి బలపడింది. అమెరికా పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో కుక్కలకు బహుమతి పద్ధతినే సిఫారసు చేసింది.

నడక నేర్పే తీరు

మొదటి పాఠం వీధిలో కాదు, మిద్దె మీదో పెరట్లోనో. కుక్కను ఎడమ పక్కన ఉంచుకుని ఒక అడుగు వేయండి. తాడు సడలి ఉంటే మోకాలి దగ్గర చిన్న ముక్క పెట్టండి. ఉడకబెట్టిన కోడిమాంసం, కోడిగుడ్డు, ఉప్పు వేయని వేయించిన చెనక్కాయ పలుకులు చాలు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కకు విషం. తర్వాత రెండు అడుగులు, అయిదు అడుగులు. రోజుకు రెండు మూడుసార్లు, అయిదు పది నిమిషాలు మించకుండా చేయాలి.

వీధిలోకి వచ్చాక సూత్రం ఒక్కటే: తాడు బిగిస్తే నడక ఆగిపోతుంది, సడలితే నడక సాగుతుంది. బిగిసిన క్షణం చెట్టులా నిలబడాలి. గుంజవద్దు, తిట్టవద్దు. కుక్క తిరిగి చూస్తుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, తాడు సడలుతుంది. అప్పుడు నడవాలి. మొదటి రోజు వందసార్లు ఆగవలసి వస్తుంది, ఇంటి ముందు వీధి దాటడానికే అరగంట పడుతుంది. ఇక్కడే చాలామంది ఓర్పు తప్పుతుంది. నిలబడటం కుదరకపోతే వెనుదిరిగి వేరే వైపు నడవవచ్చు. ముందుకు దూసుకుపోయిన కుక్క వెనక మిగిలిపోయి, మనవైపు చూసి రావలసి వస్తుంది.

వాసన చూడనివ్వడమూ బహుమతే. తాడు సడలుగా పది అడుగులు నడిస్తే, స్తంభం దగ్గర ఒక నిమిషం ఆపండి. ఆ నిమిషం కోడిమాంసం ముక్క కంటే కుక్కకు ఎక్కువ. వీధికుక్కల గుంపు కనిపిస్తే తలపడకుండా వీధి దాటిపోవాలి, ముక్కలు వేస్తూ దూరంగా సాగాలి. నేర్పే కాలంలో లాగినా తప్పనిసరిగా పోవలసిన రోజులుంటాయి, ఆ రోజున మామూలు బెల్టు కాక వేరే బెల్టు వేస్తే, ఏ బెల్టుతో ఏ నియమమో కుక్కకు స్పష్టంగా తెలుస్తుంది. నడక కుదిరే కొద్దీ ముందు కొక్కెం నుంచి వెనక కొక్కేనికి, దాని నుంచి సాదా బెల్టుకు మారాలి. ఇంట్లో నడిపించే ప్రతి ఒక్కరూ ఇదే నియమం పాటించాలి.

రాయలసీమ ఎండను మరిచిపోకూడదు. కుక్క చెమట పట్టి చల్లబడదు, రొప్పి చల్లబడుతుంది. గొంతు బిగిసిన కుక్క రొప్పలేదు. ఏప్రిల్, మే నెలల్లో వెలుతురు వచ్చి చిరుత భయం తీరాక, ఎండ ముదరకముందే నడిపించాలి. తారు మీద అరచేయి అయిదు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలకూ అది నిప్పే.

ఇన్ని చేసినా లాగుడు తగ్గకపోతే, లేదా ఉన్నట్టుండి లాగడం మొదలైతే, దగ్గు వస్తే, మెడ ముట్టుకోనివ్వకపోతే పశువైద్యుడికి చూపించాలి. తిరుపతి పశువైద్య కళాశాల 1955లో మొదలైంది. ఇప్పుడది 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. చంద్రగిరి వారికి ఇది దగ్గర్లోని పెద్ద ఆధారం.

చట్టం చెప్పేది

జంతు హింస నివారణ చట్టం 1960లోని 11వ సెక్షన్ ఇక్కడ చదువుకోవలసిన భాగం. అతి పొట్టి, అతి బరువైన గొలుసుతో జంతువును అనవసరంగా ఎక్కువసేపు కట్టివేయడం నేరమని (ఎఫ్) ఉపవిభాగం చెబుతుంది. ఎప్పుడూ కట్టివేసి ఉంచే కుక్కకు తగిన నడక, వ్యాయామం కల్పించని యజమానిది కూడా నేరమే, ఆ మాట (జి)లో ఉంది. మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. అంత చిన్న జరిమానా చూసి చట్టాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నడక హక్కు కుక్కదని 1960లోనే ఈ దేశం రాసుకుంది.

చివరగా ఒక జాగ్రత్త. కుక్కపిల్ల నెలల్లో ఎదుగుతుంది, మెడలోని బెల్టు మాత్రం అలాగే ఉంటుంది. బిగిసిన బెల్టు చర్మంలోకి కోసుకుపోయిన కుక్కలు పశువైద్యశాలలకు వస్తూనే ఉంటాయి. వారానికి ఒకసారి బెల్టు విప్పి, వెంట్రుకల కింద మెడను చుట్టూ తడిమి, పిడుదులు, పుండ్లు ఉన్నాయేమో చూసి, రెండు వేళ్ళు దూరేలా మళ్ళీ పెట్టండి.